సముద్రమున కాటుపోటు లేల కలుగును?

మొన్నటి మాఘపౌర్ణమికి మా కనకమామిడి నుండి మేము పదునలుగురు స్త్రీలము హంసలదీవికి సముద్రస్నానమునకు పోయితిమి. చేవెళ్లకును మొయినాబాదుకును నడుమ, మఱ్ఱిమ్రాకులు గొడుగుపట్టిన బాట నంటియున్న మా యూరివారికి సముద్రమనగా వినికిడియే కాని కనికిడి తక్కువ. మాలో సగముమంది దానిని చూచుట అదియే మొదలు.

తెల్లవాఱుజామున సాగరసంగమము చేరితిమి. నీరు దూరముగా నున్నది. మేము పొడియిసుకపై మూటలు పెట్టి, పిల్లలను అక్కడనే కూర్చుండబెట్టి, సంకల్పము చెప్పుకొని నీటిలో దిగితిమి. అంతలో గంప నెత్తిన పెట్టుకొని పోవుచున్న యొక బెస్తవారి స్త్రీ నిలిచి, “మూటలు ఇంకొంచెం మీదికి జరుపుకోండమ్మా, తొమ్మిదింటిదాకా నీరొస్తానే ఉంటది” అని కేకవేసెను. మేము నవ్వి ఊరకుంటిమి. నీరు ఎదుటనుండి కదా వచ్చును, వచ్చినప్పుడు చూచుకొందుమని మా తలంపు.

కాని నీరు ఎదుటనుండి రాలేదు. మేము స్నానము ముగించి తిరిగి చూచునప్పటికి, పిల్లలు కూర్చున్న యిసుకతిన్నెకు వెనుకనున్న పల్లములో నీరు నిండి, తిన్నె దీవియై కూర్చున్నది. మా వదినెగారి మనుమరాలు, ఆరేండ్ల పిల్ల, ఒడ్డునకు రాబోయి తొడలబంటి నీటిలో నిలిచి యేడ్చుచున్నది. ఏటిపాయ యొఱపు ఆ పిల్ల కాళ్లను పట్టి లాగుచున్నది. గంప దించి పరుగెత్తి పిల్లను చంక నెత్తుకొనివచ్చినది ఆ స్త్రీయే. ఒక మూట, రెండు చెంబులు పోయినవి. అంతటితో పోయినవని భగవంతునికి మ్రొక్కుకొంటిమి.

తిరుగుదారిలో మాతో వచ్చిన యొక అవ్వ అడిగిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు కారణము. “గండిపేటకు లేని పోటు సముద్రానికెందుకొస్తదే? చదువుకున్నోళ్లు గద, చెప్పుండ్రి” అని యామె యడిగెను. చంద్రుని వలన అని మాలో నొకతె చెప్పెను. “చంద్రుడు దినానికొక్కసారే గద నెత్తిమీదికొస్తడు, నీళ్లు రెండుసార్లెట్ల వస్తయి? పున్నమికి సరే, అమాసకెందుకొస్తయి?” అని అవ్వ మరల నడిగెను. బండిలో నెవ్వరికిని నోట మాట రాలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట పుస్తకములు తిరుగవేసి, తెలిసినవారి నడిగి, మేము గ్రహించినంతవఱకు సోదరీమణులకు విన్నవించుచున్నాము.

నీరు ఒడ్డునకు పొంగివచ్చుటను పోటనియు, వెనుకకు తీయుటను ఆటనియు మనవారందురు. మన తూర్పుతీరమున దినమునకు రెండు పోటులు, రెండు ఆటులు. ఒక పోటునకును మఱియొక పోటునకును నడుమ పండ్రెండు గంటల ఇరువదియైదు నిమిషములు పట్టును. అందువలన నేడు ఎనిమిది గంటలకు వచ్చిన పోటు రేపు ఇంచుమించు ఎనిమిదిముప్పావునకు గాని రాదు. చంద్రోదయము గూడ దినదినము సుమారుగా ఇంతే ఆలస్యమగునని ఆకసము చూచువారి కందఱకు తెలిసినదే. ఈ రెండు ఆలస్యములు ఒక్కటే యగుటచేతనే ప్రాచీనులు సముద్రమునకును చంద్రునకును చుట్టఱికము కలిపిరి. పాలకడలి యందు పుట్టిన కొడుకును చూచి తండ్రి పొంగుచున్నాడని కవులు వర్ణించిరి. విష్ణుపురాణము వేఱొక పోలిక చెప్పినది: పొయ్యిమీది పాత్రలోని నీరు వేడికి పొంగునట్లు చంద్రవృద్ధికి సముద్రజలము పొంగునట. పొంగునే గాని నీటి మొత్తము పెరుగదని చెప్పుటకే యీ పోలిక. వంటయింటి పోలిక గనుక మాకు మిక్కిలి ప్రియమైనది.

పాశ్చాత్యదేశములలో గూడ ఈ విషయము చాలకాలము తగవుగానే యుండెను. గెలీలియో వంటి మహావిద్వాంసుడు 1632లో ప్రకటించిన గ్రంథమున, చంద్రునికిని పోటునకును సంబంధము లేదనియు, భూమి తిరుగుటచేతనే నీరు తొణకుచున్నదనియు వ్రాసెను. ఎంతవారికైనను పొరపాటు తప్పదు. 1687లో న్యూటను గురుత్వాకర్షణ సిద్ధాంతమును ప్రకటించిన తరువాతనే అవ్వ యడిగిన రెండు ప్రశ్నలకును సమాధానము దొరికినది.

చంద్రుడు భూమిని లాగుచున్నాడు. నీటిని మాత్రమే కాదు, రాతిని, మట్టిని, మనలను, అన్నిటిని లాగుచున్నాడు. అయితే దగ్గరనున్నదానిని ఎక్కువగను, దూరముననున్నదానిని తక్కువగను లాగును. చంద్రునివైపు తిరిగియున్న సముద్రము అతనికి దగ్గర. భూమి నడిబొడ్డు అంతకంటె నాలుగువేల మైళ్లు దూరము. అవతలివైపు సముద్రము ఇంకొక నాలుగువేల మైళ్లు దూరము. కాబట్టి ముందరినీటిపై లాగుడు హెచ్చు, భూమిపై మధ్యమము, వెనుకటినీటిపై తక్కువ.

ఇచ్చట జాతరలోని ఊరేగింపు నొకదానిని తలచుకొనుడు. అందఱును గుడివైపే నడచుచున్నారు. ముందువారు వడిగా నడచుచున్నారు, నడిమివారు మామూలుగా నడచుచున్నారు, వెనుకటివారు కాళ్లీడ్చుచున్నారు. నడుమ నడచుచున్న మనకు ఎట్లు కనబడును? ముందువారు మనలను విడిచి ముందునకు పోవుచున్నట్లును, వెనుకటివారు మనకు దూరమై వెనుకకు జరుగుచున్నట్లును కనబడును. ఊరేగింపు రెండు కొసలను సాగును. వెనుకటివారి నెవ్వరును వెనుకకు లాగలేదు. వారును గుడివైపే వచ్చుచున్నారు, కాని చాలినంత వడిగా రాలేదు. సముద్రము పనియు నిట్టిదే. చంద్రునివైపున నొక పొంగు, దానికి సరిగా అవతలివైపున నొక పొంగు. భూమి తన చుట్టు తాను తిరుగుచు దినమునకొకమాఱు ఈ రెండు పొంగుల క్రిందుగా పోవును. రెండు పోటులకు కారణ మిది.

అట్లు నడచుచుండినచో భూమి చంద్రునిపై పోయి పడవలదా యని అడుగవచ్చును. చిన్ననాడు మనమందఱము ఒప్పులకుప్ప ఆడినవారమే. ఒక పెద్దపిల్లయు ఒక చిన్నపిల్లయు చేతులు పట్టుకొని గిరగిర తిరిగినప్పుడు, చిన్నది పెద్ద వలయముగా తిరుగును. పెద్దది నిలుచున్నట్లే యుండియు కొంచెము చిన్నవలయముగా తిరుగుచునే యుండును. ఒకరినొకరు లాగుచునే యుందురు, కాని ఒకరిపై నొకరు పడరు. భూచంద్రులును నట్లే. చంద్రుని కంటె భూమి ఎనుబదియొక్క రెట్లు బరువైనది గనుక వారిద్దఱును తిరుగు ఆ నడిమిచోటు భూమి లోపలనే పడుచున్నది.

గండిపేట సంగతి యిప్పుడు తేలికగా తెలియును. పోటునకు మూలము లాగుడు కాదు, లాగుడులోని తేడా. చెఱువు ఈ గట్టునుండి ఆ గట్టునకు కొన్ని కిలోమీటరులే గనుక చంద్రుడు దాని నంతటిని ఒక్కరీతిగా లాగును. తేడా యుండదు, పొంగు నుండదు. లెక్కకట్టి చూచినచో అందలి పోటు ఒక మిల్లీమీటరు గూడ నుండదు. అమెరికాలోని సుపీరియరు సరస్సు మన తెలంగాణములో మూడువంతులు మ్రింగునంత పెద్దది. అందు సైతము పోటు ఐదు సెంటీమీటరులు దాటదు. మహాసముద్రము వేలమైళ్లు పఱచుకొన్నది గనుక ఏ మూలనుండియో నీరు కొంచెము కొంచెముగా ప్రక్కకు జరిగి జరిగి యొకచోట కుప్పపడుటకు వీలున్నది. చంద్రుడు నీటిని బొక్కెనతో తోడినట్లు పైకి ఎత్తుచున్నాడని కొందఱనుకొందురు. అది సరికాదు, నేలవెంబడి ప్రక్కకు జరుపుటలోనే అతని బలమంతయు నున్నది.

ఇక అమావాస్య. సూర్యుడు గూడ ఈ పనిలో భాగస్వామియే. భూమిని సూర్యుడు చంద్రునికంటె నూటడెబ్బదియైదు రెట్లకు మించి బలముగా లాగుచున్నాడు. అయినను దూరమెక్కువ గనుక భూమి ఈ కొసకును ఆ కొసకును మధ్య అతని లాగుడులో తేడా స్వల్పము. కాబట్టి అతడు కలిగించు పోటు చంద్రుని పోటులో సగమునకు లోపుగనే యున్నది. అమావాస్యనాడు సూర్యచంద్రు లొక్కవైపున నుందురు. పౌర్ణమినాడు ఎదురెదురుగా నుందురు. రెండు కొసలను పొంగు వచ్చునని పైన చూచితిమి గదా. ఒక్కవైపున నున్నను, ఎదురెదురుగా నున్నను ఇద్దరి పొంగులు ఒకేచోట పడును. అందువలన ఈ రెండు పర్వములకు పోటు పెద్దది, ఆటు గూడ పెద్దది. అష్టమి ప్రాంతములందు సూర్యచంద్రులు మూలమట్టముగా నుందురు గనుక ఒకరు పొంగించినచోట మఱియొకరు తీయుదురు, పోటు సన్నగిల్లును. విశాఖపట్టణమున పర్వదినముల పోటునకును ఆటునకును నడుమ నీటిమట్టపు తేడా ఇంచుమించు మీటరున్నర. అష్టమినాళ్లలో ఇంచుమించు అర మీటరు. చంద్రుడు భూమికి మిక్కిలి దగ్గరగా వచ్చిన నెలలో అతని బలము మిక్కిలి దూరముగా నున్నప్పటికంటె మూడవవంతునకు పైగా హెచ్చును. పర్వమును, ఈ దగ్గఱితనమును ఒక్కనాడు పడిన పోటు అన్నిటికంటె పెద్దది.

ఇంతవఱకు చెప్పినది భూమియంతయు నీరే యైనచో సరిగా జరుగవలసిన లెక్క. కాని నడుమ ఖండములున్నవి, లోతులున్నవి, మిట్టలున్నవి. పొంగు చంద్రునితో పరుగెత్తలేదు. నిండుగంగాళమును ఇద్దఱు పట్టుకొని నడచునప్పుడు నీరు అటునిటు తొణకును. నడక తొణకునకు సరిపడినచో అంచులు దాటి ఒలుకును, సరిపడకున్నచో ఊరకుండును. ప్రతి సముద్రము నొక గంగాళమే. గుజరాతులోని ఖంభాతు సింధుశాఖ గరాటువలె లోనికి సన్నగిల్లును. అచ్చట భావనగరము ప్రాంతమున పర్వపు పోటు పది మీటరుల వఱకు లేచును. కెనడాలోని ఫండీ అఖాతమున పదునాఱు మీటరుల వఱకు లేచును; అనగా ఐదంతస్తుల మేడ. మన తూర్పుతీరము చక్కగా సాగిన తీరము, అందువలన మన పోటు మర్యాదగలది.

చంద్రుడు నడినెత్తికి వచ్చినప్పుడే పోటు వచ్చునన్న తలంపు గూడ తప్పే. పౌర్ణమి చంద్రుడు నడినెత్తికి వచ్చునది అర్ధరాత్రమున. కాని మన ఆంధ్రతీరమున పౌర్ణమికిని అమావాస్యకును పోటు నిండునది ఉదయము, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల ప్రాంతమున. బెస్త స్త్రీ “తొమ్మిదింటిదాకా” అన్నమాట యెంత నిక్కమో చూడుడు. ఆమె న్యూటను గ్రంథమును చదివియుండదు. మాలో పంచాంగము చూడనేర్చినవారు నలుగురున్నను ఆ లెక్క ఎవ్వరికిని తెలియదాయెను.

ఆ లెక్క యెంత సులభమో మాకు తరువాత తెలిసినది. పక్షమునకు పదునైదు తిథులు. ఈ పదునైదు తిథులలో పోటువేళ పండ్రెండు గంటలు జరుగును. పండ్రెండు గంటలనగా ముప్పది గడియలు. తిథికి రెండు గడియలు, అనగా నలువదియెనిమిది నిమిషములు. పౌర్ణమినాడు ఎనిమిదిన్నరకు పోటు నిండినదనుకొనుడు. చవితినాటికి ఎనిమిది గడియలు కలుపగా ఇంచుమించు పదునొకండుముప్పావు. అష్టమికి పదునాఱు గడియలు కలుపగా ఇంచుమించు మధ్యాహ్నము మూడు. అమావాస్యకు మరల ఎనిమిదిన్నర. పోటు నిండిన ఆఱుగంటల పిమ్మట ఆటు ముగియును. గాలిని బట్టియు, చోటును బట్టియు అరగంట, గంట తేడా రావచ్చును గనుక ఇది సముద్రయానమునకు చాలదు. కాని మూటలెక్కడ పెట్టవలెనో, పిల్లల నెక్కడ కూర్చుండబెట్టవలెనో తెలిసికొనుటకు చాలును.

పర్వస్నానమునకు పోవువారు మఱియొకటి గమనింపవలెను. పౌర్ణమినాడు తెల్లవాఱుజామున మూడుగంటలకు ఆటు ముగిసి నీరు మిక్కిలి వెనుకకు పోయియుండును. మనము నాలుగైదు గంటలకు చేరునప్పటికి కనబడు ఇసుకమేట అంతయు కొన్ని గంటలలో మునుగబోవునదియే. అందును ఏటిమొగలయందు నీరు మొదట పల్లపుపాయలలో చొరబడి వెనుకనుండి చుట్టివచ్చును; మాకు జరిగినదదియే. తొమ్మిది దాటిన తరువాత ఆటు మొదలగును. అప్పుడు సముద్రపుటాటును, ఏటి ప్రవాహమును ఒకే దిక్కునకు కలసి లాగును గనుక సంగమమున దిగుట మఱింత ప్రమాదము. ఏటినోటికి దూరముగా, తిన్నని ఒడ్డున, ఊరివారు దిగుచోటనే దిగవలెను.

కార్తికస్నానమున కింకొక విశేషమున్నది. బంగాళాఖాతపు సగటుమట్టము సంవత్సరము పొడవున ఒక్కరీతి నుండదు. విశాఖపట్టణమున ఫాల్గుణ చైత్రములలో మిక్కిలి తక్కువగను, ఆశ్వయుజ కార్తికములలో మిక్కిలి ఎక్కువగను ఉండును. రెంటికిని తేడా ఇంచుమించు అర మీటరు. గాలుల మార్పు, వానకాలపు నదులనీరు, నీటి వేడిమి ఇందులకు కారణములు. కావున కార్తికపౌర్ణమి పోటు మాఘపౌర్ణమి పోటుకంటె ఇసుకపైని ఇంకను దూరము వచ్చును. మాఘములో చూచివచ్చిన గుఱుతు కార్తికములో పనికిరాదు. గాలివానల మాసములు గూడ అవియేయగుట మన తీరపు దౌర్భాగ్యము.

గాలివాన యుప్పెన వేఱు, పోటు వేఱు. పోటు సూర్యచంద్రుల పని. ఉప్పెన గాలి పని. తుపాను గాలులు లోతుతక్కువ సముద్రముమీద నీటిని తోసికొనివచ్చి తీరమున గోడవలె నిలుపును. ఈ రెండును ఒక్కసారి వచ్చినచో ఒకదానిపై నొకటి యెక్కును. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో ఇంచుమించు ముప్పదివేలమంది మడిసిరి. తిథిని లెక్కించి చూచితిమి: దీపావళి అమావాస్య అక్టోబరు 30వ తేదీని వచ్చినది, అనగా ఉప్పెన వచ్చినది పర్వపు పోటుల దినములలోనే. అట్లని అష్టమినాడు భయము లేదనుకొనరాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చివేసిన ఉప్పెన కార్తికశుద్ధ అష్టమి ప్రాంతమున వచ్చినది, పోటు మిక్కిలి సన్నగా నుండు దినము. అయినను గాలి తోసిన నీరే ఐదు మీటరుల వఱకు లేచి ఇంచుమించు పదివేలమందిని పొట్టబెట్టుకొన్నది. మేము స్నానము చేసివచ్చిన హంసలదీవి ఆ దివిసీమలోనిదే. చంద్రుడు కలుపునది మీటరు లోపు. గాలి కలుపునది దానికి ఐదాఱింతలు. గాలివాన హెచ్చరిక వచ్చినప్పుడు పంచాంగము చూచి ధైర్యము తెచ్చుకొనుట కూడదు.

2004 డిసెంబరు 26న వచ్చినది మూడవజాతి. అది పోటు కాదు, గాలియుప్పెనయు కాదు. సుమత్రా దీవికి చేరువను సముద్రగర్భము కంపించుటచే పుట్టిన సునామి. కాని ఆనాడు మార్గశిరపౌర్ణమి. విశాఖపట్టణమునకు ఆ అలలు ఉదయము తొమ్మిది గంటల వేళ, సరిగా పోటు నిండిన సమయమున వచ్చినవి. బందరు చెంత పౌర్ణమిస్నానమునకు వచ్చినవారిలో గూడ కొందఱు మరలి యిండ్లు చేరలేదు.

ఆటుపోటుల వేళలను ముందుగా లెక్కించు పని మన దేశమున పాతదియే. బ్రిటిషు వారు 1870 ప్రాంతములనుండి రేవులలో నీటిమట్టమును కొలుచు గడియారపు పరికరములు నిలిపిరి. కెల్విను ప్రభువు 1872లో చక్రములు, కప్పీలు, ఒక పొడవైన తీగ కూర్చి పోటులను లెక్కించు యంత్రమును కల్పించెను. మన రేవులకై ప్రత్యేకముగా ఒక యంత్రము 1879లో లండనులో తయారైనది. చంద్రుని కొక చక్రము, సూర్యుని కొకటి, చంద్రుని దగ్గఱ దూరముల కొకటి, ఇట్లు ఒక్కొక్క కారణమున కొక్కొక్క చక్రము. అన్నియు కలసి తీగను లాగగా కలము కాగితముపై గీత గీయును. రెండవ ప్రపంచయుద్ధములో, 1944లో నార్మండీ తీరమున సేనలు దిగుటకు తగిన వేళను లెక్కించినవి ఇట్టి యంత్రములే. ఇంగ్లండులో లివర్‌పూలు చెంత ఆ యంత్రములపై పనిచేసినవారిలో యువతులు పలువురు.

సముద్రమునకు దూరమున నున్న మనకిదంతయు ఏలయని మా యూరిలో నొకరనిరి. వారికి మేము చెప్పిన సమాధానము మూడు ముక్కలు.

మొదటిది ఉప్పు. శ్రీకాకుళము జిల్లా నౌపడ వంటి చోట్ల ఉప్పుమడులకు నీరు పెట్టునది సముద్రపు పాయలలో నెక్కివచ్చు పోటే. ఏతములతో తోడి పోయవలసిన నీటిని చంద్రుడు కూలి యడుగక తెచ్చి పెట్టుచున్నాడు. మన పులుసులోని ఉప్పునకు అతడు కొంత కారణము.

రెండవది ఎత్తు. శంకరపల్లి స్టేషనులోని పచ్చపలకమీద ఊరి పేరు క్రింద సముద్రమట్టమునకు ఇన్ని మీటరులని వ్రాసియుండుటను రైలెక్కినవారందఱు చూచియుందురు. నిలుకడ లేని సముద్రమునకు మట్టమెక్కడిది? పోటును ఆటును ఏండ్లతరబడి గంటగంటకు కొలిచి సగటు కట్టినదే ఆ మట్టము. 1909లో భారతదేశమంతటి ఎత్తులకు ఆధారముగా నిలిపిన తొమ్మిది రేవులలో మన విశాఖపట్టణ మొకటి. కరాచీ, బొంబాయి, కార్వారు, బేపూరు, కొచ్చిను, నాగపట్టణము, మద్రాసు, ఒడిశాలోని ఫాల్సుపాయింటు తక్కినవి. మా కనకమామిడి కాలువకు ఏటవాలు చూచినను, చేవెళ్ల బాటకు మట్టము కట్టినను, ఆ లెక్క కడపట పోయి నిలుచునది పోటునీటిలోనే.

మూడవది మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించినది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము, ఇన్‌కాయిస్ అని పిలుచునది, సముద్రపు టొడ్డున లేదు. మన హైదరాబాదున ప్రగతినగరులో నున్నది. 1999లో దానిని నెలకొల్పిరి. తీరమున రేవురేవున నున్న పోటుకొలతల పరికరములు పంపు అంకెలు ఆకసమార్గమున అచ్చటికి చేరును. 2007 అక్టోబరు నుండి సునామి హెచ్చరికలు పంపునదియు ఆ చోటే. నేడు ఇన్ని గంటలకు ఇంత పోటు రావలెనని ముందే లెక్క యున్నది గనుక, కొలిచిన అంకె ఆ లెక్కను తప్పినప్పుడే సముద్రమున నేదో జరిగినదని తెలియును. పోటు లెక్క తెలియనిచో ఉప్పెన గుఱుతు తెలియదు. బెస్తవారి యిండ్లలోని బిడ్డలకై మన చెంతనే రేయింబవళ్లు మేలుకొని యొక ఇల్లున్నదని మాకు ఇంతకుముందు తెలియదు.

మఱియొక వింత. నేల గూడ చంద్రునికి లోబడియే యున్నది. మన కాలిక్రింది బండరాయి సైతము దినమునకు రెండుమాఱులు కొంచెము పొంగి కొంచెము క్రుంగును. మన ప్రాంతములలో ఈ హెచ్చుతగ్గు పర్వదినములందు ఇంచుమించు ఒక అడుగు. ఇల్లు, వాకిలి, తులసికోట, బావి అన్నియు కలసి లేచి కలసి దిగును గనుక మనకు తెలియదు. సున్నితమైన పరికరములకు మాత్రము తెలియును.

ఇంత నీరు దినమునకు రెండుమాఱులు ఒరసికొని కదలుటచేత భూమి తిరుగుడు రవ్వంత మందగించుచున్నది. చంద్రుడును ఏటేట నాలుగు సెంటీమీటరులకు కొంచెము తక్కువగా మనకు దూరమగుచున్నాడు. 1969లో చంద్రునిపై దిగినవారు అచ్చట నిలిపివచ్చిన అద్దములమీదికి వెలుతురు పంపి ఈ దూరమును కొలుచుచున్నారు.

ఇవన్నియు అవ్వకు చదివి వినిపించితిమి. ఊరేగింపు పోలిక ఆమెకు బాగుగా నచ్చినది. వెనుకబడి కాళ్లీడ్చువారిలో తానే మొదటిదాననని నవ్వెను. మా వాననీరు ఈసీలోనికో మూసీలోనికో పోయి, హిమాయతుసాగరమునో గండిపేటనో నిండి, నగరము దాటి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలసి, హంసలదీవి యొద్దనే సముద్రమున పడునని చెప్పగా, “అయితే మన నీళ్లే మన చెంబుల్ని తీస్కపోయినయన్నమాట” అనెను. వచ్చు కార్తికపౌర్ణమికి మరల బయలుదేరుటకు మాటయైనది. పోటువేళను పంచాంగపు టంచున వ్రాసియుంచితిమి. గంపతో వచ్చిన ఆ తల్లికి చీర యొకటి తీసియుంచితిమి. పేరైనను అడుగక వచ్చితిమి గనుక, ఒడ్డున వెదకి పట్టుకొనవలసియున్నది.